లో-కార్బ్ మొదటి వారం నీరసమా? ముందు ఉప్పు సంగతి చూడండి

మీ ప్రశ్న ఇది: అన్నం, రొట్టె, చక్కెర ఒకేసారి మానేసి మూడు రోజులైంది, ఒంట్లో సత్తువ లేదు, తల దిమ్ముగా ఉంది, ఇంకెన్నాళ్లిలా, మానేయమంటారా?

మానక్కర్లేదు. ఉప్పు పెంచండి. బీపీకో, షుగర్‌కో, గుండెకో, కిడ్నీలకో మందులు వాడేవాళ్లయితే మాత్రం ఇక్కడే ఆగి, చివర రాసింది ముందు చదవండి.

ఈ నీరసానికి ఎక్కువగా వినిపించే జవాబు "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, ఓపిక పట్టండి" అని. ఏ విషమో అడిగితే ఎవరూ చెప్పరు. పోతున్నవి ఉప్పూ నీళ్లూ. కార్బ్స్, అంటే అన్నం, రొట్టె, చక్కెరల్లో ఉండే పిండిపదార్థాలు, తగ్గగానే ఇన్సులిన్ తగ్గుతుంది. సోడియాన్ని వదలొద్దని కిడ్నీలకి చెప్పేవాటిలో ఇన్సులిన్ ఒకటి. అది తగ్గేసరికి సోడియం మూత్రంలో పోతుంది, దాని వెంట నీళ్లూ పోతాయి. పైగా కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ ఖర్చయ్యేకొద్దీ ఆ నీళ్లూ బయటికే. మొదటి వారంలో తూకం రెండు కిలోలు పడిందని సంబరపడతారు చూడండి, అందులో ఎక్కువ భాగం ఇదే. ప్యాకెట్ తిండి మానేసి ఉంటారు కాబట్టి అందులోంచి వచ్చే ఉప్పూ ఆగిపోయి ఉంటుంది.

మూడో రోజు మధ్యాహ్నం వరస ఇలా ఉంటుంది. కుర్చీలోంచి లేస్తారు. నాలుగడుగులు వేసేలోపే కళ్లు బైర్లు కమ్ముతాయి, గోడ పట్టుకుంటారు, గుండె దడదడలాడుతుంది. కూర్చుంటే సర్దుకుంటుంది. షుగర్ పడిపోయిందని భయపడి నాలుగు బిస్కెట్లు తింటారు. కూర్చున్నందుకే తగ్గిందో, బిస్కెట్‌కి తగ్గిందో చూసుకోకుండా "కార్బ్స్ లేకపోతే నా ఒళ్లు తట్టుకోదు" అని తీర్మానించేస్తారు. షుగర్ మందులు వాడని మనిషికి గ్లూకోజ్ అంత తేలిగ్గా ప్రమాదకరంగా పడిపోదు, కాలేయం తయారుచేస్తూనే ఉంటుంది. ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి కొలవండి. లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, మళ్లీ 3 నిమిషాలకి కొలవండి. మంచం పక్కనే నిలబడండి, పడిపోకుండా. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిందంటే ఈ సమయంలో ముందు అనుమానించాల్సింది ఉప్పూ నీళ్లూ చాలకపోవడాన్నే.

అప్పుడు చేయాల్సింది: 250 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు. స్పూన్ అంచుకి సమంగా, కుప్పగా కాదు. సుమారు 3 గ్రాముల ఉప్పు, అంటే 1,150 మి.గ్రా. సోడియం. పది నిమిషాల పాటు కొద్దికొద్దిగా తాగండి. పరగడుపున గటగటా తాగితే నేరుగా విరేచనాలకే దారి. అరగంటకో గంటకో తల తేలికపడితే కారణం దొరికినట్టే. ఉప్పునీళ్లు వెగటనిపిస్తే ఉప్పు సరిగ్గా వేసిన ఎముకల సూప్ కప్పుడు తాగినా అదే పని చేస్తుంది.

మొదటి రెండు వారాలు రోజుకి ఇలాంటి గ్లాసులు ఒకటో రెండో, తిండిలో ఉప్పు కాక. కీటోజెనిక్ ఆహారం (కార్బ్స్ బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి) మీద పరిశోధనలు చేసిన స్టీఫెన్ ఫిన్నీ, జెఫ్ వోలెక్ చెప్పే లెక్క రోజు మొత్తానికి 3 నుంచి 5 గ్రాముల సోడియం. సోడియం అన్నాను, ఉప్పు కాదు. ఉప్పులో సోడియం 40 శాతమే. ఈ రెంటినీ కలిపేసుకుని 5 గ్రాముల ఉప్పు తిని "ఉప్పు కూడా పెంచాను, లాభం లేదు" అనేవాళ్లు కొల్లలు.

ఇంకో అతితెలివి సలహా, రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు తాగమనడం. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు పోస్తే ఉన్న సోడియం ఇంకా పలచబడుతుంది, తలనొప్పి పెరుగుతుంది. దాహం వేస్తే తాగండి, చాలు.

ఉప్పు సరిచేసినా నీరసం పోలేదంటే తిండి చాలట్లేదేమో చూడండి. రోజుకి 250 గ్రాముల కార్బ్స్ తినే మనిషి వాటిని మానేస్తే 1,000 క్యాలరీలు పోయినట్టు. ఆ చోటు నింపాలంటే 110 గ్రాముల కొవ్వు కావాలి. కానీ కొవ్వంటే భయం! ఉడికించిన చికెన్, నూనె లేని కూరగాయలు తిని రోజంతా 800 క్యాలరీలతో గడిపితే నీరసం కాక మరేం వస్తుంది? కార్బ్స్, కొవ్వు రెండూ ఒకేసారి తగ్గించడం లో-కార్బ్ కాదు, కడుపు మాడ్చుకోవడం. కూరగాయల మీద రెండు టేబుల్ స్పూన్ల నూనో వెన్నో వేస్తే సుమారు 200 నుంచి 240 క్యాలరీలు వస్తాయి. ప్రొటీన్ కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి 85 నుంచి 105 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములే వస్తాయి, లెక్క వేసుకోండి. ఈ రెండు వారాలు ఆకలేస్తే తినండి, క్యాలరీలు కోయడం తర్వాత.

కాఫీ సంగతి ఎవరికీ తట్టదు. చక్కెర లేకుండా తాగలేక కాఫీయే మానేస్తారు. కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల్లో పతాకస్థాయికి చేరి, తొమ్మిది రోజుల దాకా సాగొచ్చు. నింద మాత్రం డైట్ మీద పడుతుంది. కాఫీని ఇంకో నెల వేరేగా తగ్గించుకోండి, ఇప్పుడు మీగడ వేసుకుని తాగండి.

పిక్కలు పట్టేస్తుంటే ఆకుకూరలు, గింజలు పెంచండి. 30 గ్రాముల గుమ్మడి గింజల్లో సుమారు 150 మి.గ్రా. మెగ్నీషియం ఉంటుంది. మాత్రలే వేసుకోవాలనుకుంటే ఆక్సైడ్ రకం కన్నా సిట్రేట్ ఒంటికి బాగా పడుతుంది. పొటాషియం మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

మామూలుగా రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య ఇబ్బంది ఎక్కువ, ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. పరుగు, బరువులు మోయడం లాంటి వాటిలో పాత ఓపిక రావడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా నడక చాలు. వారాంతాల్లో డైట్‌కి సెలవిచ్చేవాళ్లకి ఈ నీరసం తీరనే తీరదు. ఆదివారం నిల్వ నిండుతుంది, ఉప్పూ నీళ్లూ నిలుస్తాయి, సోమవారం నుంచి మళ్లీ కారడం మొదలు. ఒకేసారి కోయడం కష్టమైతే వారానికో మెట్టు దిగండి: రోజుకి కార్బ్స్ 150 గ్రాములు, 100, ఆ తర్వాత 50. ఒళ్లు కొవ్వుని వాడేటప్పుడు పుట్టే కీటోన్లని చూపించే, మూత్రంలో ముంచే స్ట్రిప్‌ల రంగు చూసి దిగులు పడటం డబ్బు దండగ. నీరసం ఎందుకో అవి చెప్పవు.

ఇక మందులవాళ్లు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడుతుంటే కార్బ్స్ తగ్గించిన మొదటి రోజే షుగర్ నిజంగా పడిపోవచ్చు. మోతాదు గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. వణుకు, చెమటలు వస్తే కొలిచి చూసి, 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంటకి మళ్లీ కొలవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ డైట్ జోలికే వెళ్లొద్దు. షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్, అంటే కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం, రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఉప్పునీళ్లు కలుపుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పాలిచ్చే తల్లులకీ ఈ ప్రమాదం ఉంది. బీపీ మందులు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవాళ్లకి బీపీ మరీ పడిపోవచ్చు, మోతాదు మార్చాల్సి రావచ్చు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పైన రాసిన ఉప్పు లెక్క వర్తించదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లు దాన్ని మామూలు ఉప్పులా వేసుకుంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు, అందుకే ప్యాకెట్ వెనక ఏం కలిపారో చదివి కొనండి.