నాలుగు కిలోలు కదలడం లేదు

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. రోజూ ముప్పావుగంట నడుస్తున్నాను. రాత్రి అన్నం మానేసి చపాతీలే తింటున్నాను. అయినా నాలుగు కిలోలు తగ్గట్లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నం బదులు చపాతీ తింటే పెద్ద తేడా ఉండదమ్మా. అసలు చూడాల్సింది నూనె. పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి, అరగంట నడక దానికే సరిపోతుంది. డబ్బాలోంచి వంపకుండా చెంచాతో కొలిచి వేయండి.

ఈ వయసులో కండ కరుగుతుంది, నడక ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు. వారానికి రెండు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి: పదేసి చొప్పున మూడు విడతలు. మోకాళ్లు నొప్పిగా ఉంటే ఎత్తు కుర్చీ వాడండి. కండ నిలవాలంటే ప్రొటీన్ కావాలి కాబట్టి పూటపూటా గట్టిపప్పో, గుడ్డో, పెరుగో ఉండాలి. పల్చటి పప్పుచారు లెక్కలోకి రాదు.

నీరసం, మలబద్ధకం కూడా ఉంటే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి.