పిచ్చివాడని చెప్పి బయటపడేయొచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. టిఫిన్ సెంటర్ నడుపుకుంటున్నాను. ఊరూ పేరూ సరిగ్గా చెప్పని ఒక దేశదిమ్మరికి మా వెనక గదిలో చోటిచ్చాను. పక్కనున్న బాక్సింగ్ జిమ్‌లో పని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, కోపం వస్తే మాత్రం రాక్షసుడైపోతాడు, తర్వాత అడిగితే ఏమీ గుర్తు లేదంటాడు. మొన్న జాతర పోటీలో జిమ్ కుర్రాడొకడు, 19 ఏళ్లవాడు, రింగులో కుప్పకూలాడు. "నాటకాలు, లేపండి వాణ్ణి" అన్నాడు పోటీ పెట్టినాయన. మా గదిలో ఉండే ఇతను మీదపడి ఆయన చెయ్యి విరగ్గొట్టాడు. కుర్రాణ్ణి బరంపురం తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. వారం కింద ప్రాక్టీసులో ఇతను కొట్టిన దెబ్బే చంపిందని ఇప్పుడంటున్నారు. పిచ్చివాడని రాయించమని జిమ్ మాస్టారు, లేదంటే సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నానికి దాటించెయ్యమని ఇంకొకరు. కుర్రాడు పోటీ రోజు పొద్దున మా దగ్గర ఇడ్లీ తిని కక్కుకున్నాడు, ట్యూబ్‌లైటు వైపు చూడలేకపోతున్నా అన్నాడు. పోలీసులు ఒడియా కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నా మీదా కేసు వస్తుందా?

జవాబు: ముందు ఆ మాస్టారి సలహా పక్కన పెట్టండి. అది ఎవరికి మేలు చేసే సలహానో కాస్త ఆలోచించండి.

మీరు రాసినదాంట్లో రెండు సంగతులున్నాయి, ఊళ్లో అందరూ ఒకటిగా కలిపేస్తున్నారు. కుర్రాడి చావు ఒకటి, చెయ్యి విరగడం ఇంకొకటి. చావు విషయంలో "మతి లేక చేశాడు" అంటే, చేసింది ఇతనే అని మీరే ఒప్పుకున్నట్టు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 22వ సెక్షన్ కింద మతిస్థిమితం లేదని తేలి నిర్దోషిగా వదిలినా, తీర్పులో ఆ పని ఇతనే చేశాడా లేదా అన్నది రాయాలి. చేశాడని రాస్తే ఇంటికి పంపరు, భద్రమైన కస్టడీలో ఉంచమనో, పూచీ తీసుకునే బంధువుకో స్నేహితుడికో అప్పగించమనో ఆర్డర్ వేస్తారు. నా అన్నవాళ్లు లేని మనిషికి అది ఎన్నేళ్లు సాగుతుందో మీరే ఊహించుకోండి. చెయ్యని పనికి ఆ దారి ఎందుకు?

నిజానికి ఆ దెబ్బ ఇతనిదే అనుకున్నా సరే, గ్లవ్స్ వేసుకుని, 18 దాటిన ఇద్దరు ఒప్పుకుని, నియమం తప్పకుండా ఆడిన ఆటలో తగిలిన దెబ్బకు 25వ సెక్షన్ రక్షణ ఉంది, చావు గానీ తీవ్ర గాయం గానీ చేయాలన్న ఉద్దేశం, జరగొచ్చన్న ఎరుక లేకపోతే చాలు. ఆ సెక్షన్ కింద చట్టమే కత్తిసాము ఉదాహరణ ఇచ్చింది. అసలు ప్రశ్న వేరే. తలకు దెబ్బ తగిలాక మెదడు పైపొర కింద రక్తం రోజుల తరబడి మెల్లగా పేరుకోవచ్చు. వాంతి, వెలుతురు చూడలేకపోవడం, ఇవి కనబడ్డ కుర్రాణ్ణి రింగెక్కించింది ఎవరు? డాక్టరు చూశాడా? అంబులెన్స్ ఉందా? అక్కడ 106(1), అంటే నిర్లక్ష్యం వల్ల మరణం, అయిదేళ్ల వరకు శిక్ష, ఎక్కించినవాళ్ల వైపు తిరుగుతుంది. 2022లో బెంగళూరులో కిక్ బాక్సింగ్ పోటీలో ఒక మైసూరు కుర్రాడు పోయినప్పుడు కూడా నిర్వాహకుల మీదే నిర్లక్ష్యం కేసు పెట్టారు. ఇప్పుడు అర్థమైందా, పిచ్చివాడు ఒకడు దొరకడం ఎంత మందికి అవసరమో?

ఆ ఇడ్లీ సంగతి మీరు చివర్లో ఏదో మాటవరసకి రాశారు గానీ ఈ కేసుకు అదే ప్రాణం. అక్కడ ఇంకెవరున్నారో, ఎన్ని గంటలకో, మర్చిపోకముందే ఇవాళే రాసి పెట్టుకోండి. పోస్టుమార్టం రిపోర్టులో రక్తం గడ్డ పాతదా కొత్తదా అన్నది చూస్తారు, మీ మాట దానికి జతపడాలి.

చెయ్యి విరగ్గొట్టడం మాత్రం వందమంది చూశారు, దాచేదేమీ లేదు. ఎముక విరిగితే తీవ్ర గాయం, 117(2), ఏడేళ్ల వరకు. ఇక్కడ రాక్షసుడి కథ పనికొస్తుందా అంటే, అంత సులువు కాదు. కోపం పిచ్చి కాదు, తర్వాత గుర్తు లేకపోవడం కూడా సరిపోదు. 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఆ పని చేసిన క్షణంలో మనసు ఎలా ఉందన్నది ముఖ్యం, దాన్ని ముందూ వెనకా నడవడికను బట్టి తేలుస్తారు, రుజువు చేసుకునే భారం మనదే. మూర్ఛ లాంటి జబ్బు ఉందా, పాత చీటీలేమైనా సంచిలో ఉన్నాయా చూడండి, బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. కేసు కోసం కాదు, ఆ మనిషికి అవసరం. లేదంటే కోర్టు ముందు పెట్టాల్సింది ఆ "నాటకాలు" అన్న మాట. హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టారని తేలితే 122(2) కిందకు వచ్చి శిక్ష అయిదేళ్ల లోపుకు తగ్గుతుంది, ఒక్కోసారి జరిమానాతో పోతుంది. నా ఓటు దీనికే.

ఇక మీ భయం. అన్నం పెట్టి చోటివ్వడం నేరం కాదు. నేరస్థుడని తెలిసి, శిక్ష తప్పించాలని దాస్తేనే 249 వర్తిస్తుంది. అందుకే మహేంద్రతనయ నది దాటించి పాతపట్నంలో పెడితే ఇవాళ్టి దాకా లేని కేసు రేపు మీ మీద ఉంటుంది, ఒడిశా పోలీసులు అక్కడికి రాలేరనుకోవడం అమాయకత్వం. ఇతన్ని వకీలుతో కలిసి స్టేషన్‌కు పంపండి. డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, కస్టడీలో ఉన్నవాళ్లకు వకీలు ఉచితం. 106(1), 117(2) రెండూ బెయిల్ వచ్చేవే. జామీను లేక వారం దాటితే సొంత పూచీకత్తు మీద వదలాలి, మీరే జామీను ఉంటే ఆ వారం కూడా అక్కర్లేదు.

సంతకం సంగతి. సాక్షిగా పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 181 చెబుతోంది. శవ పంచనామా, జప్తు జాబితా లాంటివైతే సంతకం ఉంటుంది, కానీ చదివించి, తెలుగులో అర్థం చెప్పించుకున్నాకే పెట్టండి. అర్థం కాకపోతే "నాకు ఒడియా చదవడం రాదు" అని దాని కిందే తెలుగులో రాసి, తేదీ వేసి సంతకం చేయండి.