క్లామర్ గెలుపులు 25నా, 26నా?

వ్యాసం రాస్తుంటే ఒకచోట 25, మరోచోట 26 కనిపిస్తున్నాయన్నారు కదా, రెండూ సరైనవే. ఆస్ట్రియా స్కీయింగ్ ఆటగాడు ఫ్రాంజ్ క్లామర్ గెలిచిన ప్రపంచ కప్ డౌన్‌హిల్ (మంచు కొండ పైనుంచి కిందికి అతివేగంగా దూసుకొచ్చే పోటీ) రేసులు 25. ఇంకొకటి కంబైన్డ్ విభాగంలోది, అంటే డౌన్‌హిల్, స్లాలమ్ ఫలితాలను కలిపి లెక్కించేది. దాంతో మొత్తం 26. కాబట్టి పట్టికలో రెండు గడులు వేరుగా పెట్టండి.

1974–75లో తొమ్మిది డౌన్‌హిల్స్‌లో ఎనిమిది గెలిచీ ఓవరాల్ ట్రోఫీ (అన్ని విభాగాల పాయింట్లు కలిపి ఇచ్చేది) ఎందుకు రాలేదన్నది అసలు చిక్కు. అప్పట్లో గెలుపుకు 25 పాయింట్లు, డౌన్‌హిల్ కప్పుకు ఐదు ఉత్తమ ఫలితాలే లెక్క. అంటే డౌన్‌హిల్‌లో 125 దాటే వీల్లేదు. ఓవరాల్‌కు స్లాలమ్, జెయింట్ స్లాలమ్ (పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీలు) పాయింట్లూ కావాలి. అవి దండిగా ఉన్న ఇటలీ ఆటగాడు గుస్తావ్ తోనీ కప్పు ఎగరేసుకుపోయాడు.

1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్ డౌన్‌హిల్ గురించి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేయకండి. పసుపు సూటు, 15వ నంబరు, అప్పటికే గాడులు పడిన ట్రాక్. సగం దారిలో స్విట్జర్లాండ్ ఆటగాడు బెర్న్‌హార్డ్ రుస్సీ కంటే వెనకబడి, అడుగుభాగంలో ప్రాణాలకు తెగించి దూసుకొచ్చి 1:45.73తో స్వర్ణం కొట్టాడు. తేడా 0.33 సెకన్లే!