ముగ్గురు త్యాగరాజులు, ఒక్క అక్షరం

తమ్ముడూ,

నువ్వు పంపిన 'ముగ్గురు త్యాగరాజులు' వ్యాసం రాత్రి రెండుసార్లు చదివా, విషయం బాగానే పట్టావ్ కానీ రాసింది మాత్రం ఓటరు లిస్టులా ఉంది, పేరు, పుట్టింది, పోయింది, నెక్స్ట్ ఎవరు అన్నట్టు.

ముందు నేను చేసిన ఘనకార్యం చెప్తా. మా చెన్నైలో టి. నగర్‌కి సంగీతం త్యాగయ్య గారి పేరే పెట్టారని ఒకప్పుడు దర్జాగా రాసేశా, వారం తిరక్కుండా ఎవరో పెద్దాయన దగ్గర్నుంచి కార్డు ముక్క, "రాజ కాదు నాయనా, రాయ" అని, అంతే. ఇప్పటికీ పానగల్ పార్క్ దగ్గర బస్సు దిగితే ఆ కార్డే గుర్తొస్తుంది. త్యాగరాయ నగర్ అంటే పిట్టి త్యాగరాయ చెట్టి గారు, ఇంట్లో తెలుగే, నేత పనివాళ్ళ కులం, బ్రాహ్మణేతరుల కోసం జస్టిస్ పార్టీ పెట్టిన వాళ్ళలో ఒకరు. 1920లో పార్టీ గెలిచి మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి పదవి చేతికొస్తే నాకొద్దు అన్నారు, సుబ్బరాయలు రెడ్డియార్ ఎక్కారు. అలాంటి మనిషిని నువ్వు 'రాజకీయ నాయకుడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మండదా?

త్యాగయ్య గారి సంగతి, 1767, 1847 అందరికీ తెలుసు, వదిలెయ్. ఆయన పుట్టిన తిరువారూరులో స్వామి పేరే త్యాగరాజు, ఇక్కడ మన తిరువొత్తియూరు గుళ్ళో స్వామీ త్యాగరాజే, త్యాగయ్య గారు ఆ గుడికొచ్చి అమ్మవారి మీద అయిదు కీర్తనలు కట్టారు, 'సుందరి నీ దివ్య రూపమును' అందులోదే. త్యాగరాజ స్వామి గుడికి త్యాగరాజు వచ్చి పాడాడంటే అక్కడ ఆగాలి కదరా, నువ్వు ఆటోలో పోతూ చూసినట్టు రాశావ్. విమ్కో నగర్ వైపు మెట్రో ఎక్కు, దిగి గుళ్ళో ఓ గంట కూర్చో, అప్పుడు రాయి.

మూడో ఆయన, తమిళ సినిమా హీరో త్యాగరాజ భాగవతార్ని చివర్లో తోసేశావ్ గానీ నన్నడిగితే అసలు కథంతా ఆయన దగ్గరే ఉంది. 1944 దీపావళికొచ్చిన ఆయన సినిమా 'హరిదాస్' మద్రాసు బ్రాడ్వే థియేటర్లో మూడు దీపావళులు చూసింది, హీరో మాత్రం సినిమా పత్రిక నడిపే లక్ష్మీకాంతన్ హత్య కేసులో జైల్లో ఉన్నాడు, బయట జనం టికెట్ల కోసం తోసుకుంటున్నారు. 1947లో నిర్దోషి అని వదిలారు, సినిమాలూ తీశాడు, ఆ వైభవం మాత్రం తిరిగి రాలేదు, 49 ఏళ్ళకే పోయాడు.

ఇక 'ఆ పేరులోనే ఏదో మహిమ ఉంది' అని చివర రాసిన పేరా కొట్టేశా, ఏమనుకోకు. ముగ్గురికీ చుట్టరికం లేదు, నువ్వు కలపకు, పక్కపక్కన కూర్చోబెట్టు చాలు.

ఆదివారం ఇంటికి రా, కాయితాలు ఇస్తా. అన్నట్టు నీ మూడో పేజీలో కూడా 'త్యాగరాజ చెట్టి' అనే ఉంది, పెన్సిల్‌తో సున్నా చుట్టా.

మీ అన్న