ఆట ఆగితే నేనెవర్ని?

పన్నెండేళ్ల వయసు నుంచి వాలీబాలే లోకం అని మీ ఉత్తరంలో రాశారు. ఇప్పుడు 26. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషనై పది నెలలైంది, డాక్టర్ ఆడొచ్చన్నారు, కానీ కోర్టులో దిగితే కాళ్లు వణుకుతున్నాయి, నెల రోజులుగా సరిగా నిద్ర లేదు, ఇంట్లోవాళ్లేమో ఇక ఆట చాలు, ఉద్యోగం చూసుకోమంటున్నారు. చివర్లో "ఆట లేకపోతే నేను ఎవరినీ కాను" అన్నారు.

ముందు ఆ వణుకు సంగతి. అది పిరికితనం కాదమ్మా. ఎగిరి దిగేటప్పుడు తెగిన మోకాలు కదా, కుట్లు మానినా ఎగరబోయిన ప్రతిసారీ ఒళ్లు ఆ క్షణాన్నే గుర్తుచేస్తుంది. మీ ఫిజియోకి ఈ మాట చెప్పారా? ఆటగాళ్లు నొప్పి చెబుతారు, భయం దాచుకుంటారు. చెబితే చిన్న చిన్న జంప్‌ల నుంచి మళ్లీ మెల్లగా మొదలుపెట్టిస్తారు. కోచ్‌కీ తెలియాలి, లేకపోతే బద్ధకం అనుకుంటారు.

మీ చివరి మాట దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. "నేనంటే నా ఆటే" అనుకోవడాన్ని స్పోర్ట్స్ సైకాలజీలో అథ్లెటిక్ ఐడెంటిటీ అంటారు, దాన్ని కొలిచే ప్రశ్నావళి 1993లోనే వచ్చింది. తెల్లవారుజామునే లేపి ప్రాక్టీస్‌కి పంపేది అదే, గాయమైన రోజు ఊపిరాడనివ్వనిదీ అదే. గెలిచినవాళ్లకూ ఇది తప్పలేదు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాక జీవితం ఖాళీ అయిపోయినట్టు అనిపించిందని షూటర్ అభినవ్ బింద్రాయే చెప్పుకున్నారు.

అందుకే ఆడాలా మానాలా అన్నది ఈ నిద్రలేని స్థితిలో తేల్చకండి. అమ్మానాన్నలకు "మూడు నెలలు ఆగండి, అప్పుడు నేనే చెబుతాను" అనండి. వాళ్లు ఆటను చులకన చేస్తున్నారనిపించొచ్చు గానీ, బహుశా ఆపరేషన్ రోజు పట్టుకున్న భయం వాళ్లను ఇంకా వదల్లేదేమో. ఈలోగా స్కోరు, ర్యాంకు, సెలక్షన్ లేని పని ఏదైనా ఒకటి పట్టుకోండి, చదువైనా సరే, బొమ్మలైనా సరే. జూనియర్లకు నేర్పడం మంచిదే, కానీ అదీ ఆటే కదా, అదొక్కటే అయితే చాలదు.

నెల రోజులుగా నిద్ర లేదంటే మాత్రం ఈ వారమే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి, వాయిదా వద్దు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే దగ్గరివాళ్లకు చెప్పి, వాళ్లను తోడు పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కలిశాక నిద్ర ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.