ప్లేటు ఊడదీసి కడుక్కునే కరెంటు గ్రిల్లు గీస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులతో మామయ్య రాయునది.

నువ్వు పంపిన డ్రాయింగులు శ్రద్ధగా చూశాను. బయటి ఆకారం బాగుంది, హ్యాండిల్ చేతికి అందేలా ఉంది. వాటి జోలికి వెళ్లను. వేడి పుట్టించే ఎలిమెంట్ మాత్రం ఎక్కడ కూర్చుంటుందో తేల్చకుండా చుక్కల గీతతో వదిలేశావు. ప్లేటు ఊడివచ్చే గ్రిల్లులో ముందు తేలవలసింది అదే, తల్లీ. ప్లేటుకీ అడుగు పెట్టెకీ నడుమ ఒక కలయిక ఉంటుంది. అక్కడ వేడి దాటాలి, నీళ్లూ జిడ్డూ దాటకూడదు, పని అయ్యాక చెయ్యి కాలకుండా రెండూ విడిపోవాలి. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. డిజైన్ అంతా వాటి మధ్య రాజీ కుదర్చడమే.

దారులు రెండున్నాయి. ఎలిమెంట్‌ను ప్లేటులోనే పెట్టి పోత పోసి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉన్న ప్లగ్గును పక్క నుంచి గుచ్చడం ఒకటి. వేడి పంచడంలో దీన్ని మించింది లేదు. ప్లగ్గు లాగేస్తే ప్లేటు మొత్తం నీళ్లలో ముంచవచ్చు. కానీ ఆ పిన్నుల మధ్య తడి ఉండగానే ఎవరో ఒకరు మళ్లీ గుచ్చుతారు. పైగా ప్రతి అదనపు ప్లేటుతో ఇంకో ఎలిమెంట్ ఖరీదు కొనేవాళ్ల మీద పడుతుంది. రెండోది, ఎలిమెంట్ అడుగు పెట్టెలోనే ఉండిపోయి ప్లేటు వట్టి లోహపు పలకలా వచ్చేయడం. నీది కింద, పైన రెండు ప్లేట్లు మూసుకునే గ్రిల్లు. పనీర్‌కు గీతల ప్లేటు, రొట్టెకు చదును ప్లేటు విడివిడిగా అమ్మాలనుకుంటున్నావు. కాబట్టి నీకు రెండోదే నయం. అయితే దానికి చెల్లించాల్సిన మూల్యం తెలిసి ఎంచుకో.

ఆ మూల్యం గాలి సందు. అల్యూమినియం వేడిని గబగబా పాకిస్తుంది, గాలి దాదాపు ఆపేస్తుంది. ఎలిమెంట్‌కూ ప్లేటుకూ మధ్య సందు 0.1 మి.మీ. నుంచి 0.5 మి.మీ.కి పెరిగితే, గాలి గుండా అదే వేడి దాటడానికి వాటి మధ్య ఉష్ణోగ్రత తేడా సుమారు ఐదు రెట్లు కావాలి. అప్పుడు ఎలిమెంట్ ఎర్రబడుతుంది, ప్లేటు మాత్రం మందకొడిగా వేడెక్కుతుంది. ఇందుకు విరుగుడుగా ప్లేటు వెనక ఎలిమెంట్ సగం దిగేలా గుండ్రటి గాడి పెట్టు. కింద నుంచి ఎలిమెంట్‌ను పైకి నొక్కే స్టీలు పట్టీ స్ప్రింగులు మూడు చోట్ల ఇవ్వు. ప్లేటు బరువు ఒక్కటే నొక్కుతుందిలే అనుకోకు. పై ప్లేటు విషయంలో ఆ బరువు ఎదురు పనిచేస్తుంది, ఎలిమెంట్ నుంచి దూరంగా లాగుతుంది.

ఎంత నొక్కినా కొంత సందు మిగులుతుంది, అక్కడ వేడి కొంత కిరణాల రూపంలో కూడా దాటాలి. మెరిసే అల్యూమినియం ఆ కిరణాల్లో తొంభై శాతానికి పైగా వెనక్కి తిప్పికొడుతుంది. అందుకే ప్లేటు వీపును మెరుపుగా వదలకుండా వేడికి తట్టుకునే నల్ల పూత వేయించు. ఎలిమెంట్ కింద ఉండే రేకు మాత్రం అద్దంలా మెరవాలి. ఈ రెండూ తారుమారైతే గ్రిల్లు వంటను వదిలేసి గట్టును కాలుస్తుంది.

నీ బొమ్మలో ప్లేటును రెండు వైపులా వాడుకునేలా గీశావు, అది తీసేయ్. రెండో వైపు గాడి పెట్టలేవు. పైగా మసాలా అంటిన ముఖాన్ని ఎవరైనా తిప్పి పెట్టారంటే జిడ్డు నేరుగా ఎలిమెంట్ మీద పడి ఇల్లంతా పొగ. రెండు రకాల ప్లేట్లు విడిగా ఇవ్వడమే మేలు.

ఇక కరెంటు. వంటగది గట్టు మీద మిక్సీకి వాడే సాకెట్ మన ఇళ్లలో ఎక్కువగా 6 యాంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది 1380 వాట్లు మోస్తుంది కదా అని 1300 పెట్టకు. వోల్టేజీ 250కి పెరిగిన రాత్రి 1300 వాట్ల ఎలిమెంట్ 6.1 యాంపియర్లు లాగుతుంది. 1200 అయితే 5.7 దగ్గర ఆగుతుంది. కాబట్టి పైకి 600, కిందికి 600. ఒక్కో ఎలిమెంట్ నిరోధం సుమారు 88 ఓమ్‌లు వస్తుంది. 6.5 మి.మీ. గొట్టం, వేడెక్కే పొడవు 60 సెం.మీ. తీసుకుంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్ల లోపే ఉంటుంది, గొట్టం చాలాకాలం మన్నుతుంది. వోల్టేజీ 200కి పడిపోతే మొత్తం 907 వాట్లే వస్తాయని గుర్తుంచుకో. అప్పుడు కూడా పనీర్ ముక్క ఉడికిపోకుండా కాలాలి.

ప్లేటు కొలత 260 × 200 మి.మీ. చాలు. అంతకు మించితే సింకులో తిరగదు, 600 వాట్లకు అంచులు చల్లబడతాయి. అడుగు మందం 4 మి.మీ. ఉంచు. ఒక్కో ప్లేటు 700 గ్రాములు తూగుతుందనుకుంటే, రెండింటినీ 30 నుంచి 200 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారం మూడు నిమిషాలు, పెట్టెకూ గాలికీ పోయే వేడితో కలిపి ఐదారు నిమిషాలు. వేగం కోసం మందం తగ్గిస్తే చల్లటి చేపముక్క పెట్టగానే ప్లేటు వేడి కూలిపోతుంది, ముక్క అంటుకుంటుంది. ఎలిమెంట్ వంపును అంచు నుంచి 20–25 మి.మీ. లోపల తిప్పు, మధ్యలో గుమిగూడనివ్వకు. మూలలకూ నడిమికీ తేడా 20 డిగ్రీలు దాటితే వంపు మళ్లీ గీయాల్సిందే.

వేడెక్కిన ప్లేటు పెరుగుతుంది. 200 డిగ్రీల పెరుగుదలకు 260 మి.మీ. అల్యూమినియం 1.2 మి.మీ. సాగుతుంది, కింది పెట్టె అంత సాగదు. వెనక వైపు రెండు కొక్కేలతో ప్లేటును స్థిరపరిచి, ముందు లాచ్ దగ్గర 2 మి.మీ. ఖాళీ వదులు. నాలుగు వైపులా బిగిస్తే ప్లేటు విల్లులా వంగుతుంది, నడిమి గాడి ఎలిమెంట్‌ను వదిలేస్తుంది. గ్రిల్లు పాతబడ్డాక మధ్యలో సరిగ్గా కాలడం లేదన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది.

లాచ్ మీద ఎక్కువ సమయం పెట్టమ్మా. వేడిగా ఉన్న పై ప్లేటు మూత తెరవగానే ఊడి పడిందంటే పక్కన నిలబడ్డ పిల్లవాడి చెయ్యి కాలుతుంది. ఒక్క లాచ్‌తో సరిపెట్టకు. కొక్కేలు రెండూ 6 మి.మీ. లోతుగా పట్టాలి. లాచ్ సరిగ్గా పడకపోతే మూత మూసుకోకూడదు, అలా గీయి. స్ప్రింగు స్టెయిన్‌లెస్ తీగతో చేయించు. మామూలు స్ప్రింగు తీగ వేడికి బిగువు కోల్పోతుంది, తడికి తుప్పు పడుతుంది. స్ప్రింగును మూసిన గూట్లో దాచకు. జిడ్డు లోపలికి చేరి, మాడి, గట్టిపడి బటన్ ఇరుక్కుంటుంది. అడుగు తెరిచి ఉంచితే జిడ్డు కిందికి జారుతుంది, బ్రష్ కూడా దూరుతుంది. రోజుకొకసారి చొప్పున ఐదేళ్లకు సుమారు 1800 సార్లు తీసి పెడతారు. నువ్వు 4000 సార్లు పరీక్షించు, సగం వేడి మీద, సగం నూనె పూసి.

థర్మోస్టాట్ ప్లేటును తాకి ఉండాలి. ఎలిమెంట్ కింద మెరిసే రిఫ్లెక్టర్ రేకు మీద బిగిస్తే అది రేకు వేడినే చూస్తుంది. రేకులోంచి పైకి పొడుచుకొచ్చే చిన్న స్టీలు టోపీ పెట్టి, కింద స్ప్రింగుతో 300–500 గ్రాముల ఒత్తిడి ఇవ్వు. టోపీ చుట్టూ సిలికాన్ రింగు వెయ్యి, అక్కడి నుంచే నీళ్లు దిగుతాయి. ప్లేటు లేకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్‌కు కరెంటు చేరకుండా ఆపే చిన్న మైక్రో స్విచ్ కూడా తప్పనిసరి. లేకపోతే వట్టి ఎలిమెంట్ ఎర్రగా మండుతుంటే టోపీ మాత్రం ఇంకా చల్లగా ఉందని చెబుతుంది. థర్మోస్టాట్ పైహద్దు 210 డిగ్రీల దగ్గర పెట్టు. మొదటిసారి వేడెక్కేటప్పుడు ఎలిమెంట్‌లో మిగిలిన వేడి వల్ల ప్లేటు ఇంకో 30–40 డిగ్రీలు పైకి దూకుతుంది. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ అంటారే, అది) నాన్‌స్టిక్ పూతకు నిలకడగా 260 డిగ్రీలే హద్దు. వేడి హద్దు దాటితే కరెంటు తెంచే థర్మల్ ఫ్యూజును మాత్రం దాని చోట ఎంత వేడి ఉంటుందో కొలిచాకే ఎంచు. తీగలను నొక్కి బిగించు, టంకం వేయకు. ఆ వేడికి టంకం కరిగి ఊడుతుంది.

పూత సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు, దెబ్బ తినేదీ అక్కడే. పీటీఎఫ్‌ఈ పూతను దాదాపు 400 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కరిగిన లోహాన్ని ఒత్తిడితో డైలోకి, అంటే అచ్చులోకి ఎక్కించే మామూలు ప్రెషర్ డై కాస్టింగులో లోహంలో చిక్కుకున్న గాలి ఆ వేడికి ఉబ్బి పూత కింద బొబ్బలు తేలుస్తుంది. పోత పోసేవాడు పూతవాడిని అంటాడు, పూతవాడు పోతవాడిని అంటాడు. అచ్చులోని గాలి లాగేసి పోసే వాక్యూమ్ డై కాస్టింగుకు గానీ, లోహం తన బరువుతోనే దిగే గ్రావిటీ డైకి గానీ ముందే మాట్లాడుకో. పూత వేసే ముందు పది ముక్కలు 420 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట పెట్టి చూడు, బొబ్బ లేచే ముక్క అక్కడే దొరికిపోతుంది. అదే వేడికి ప్లేటు వంగుతుంది కూడా. అందుకని చదునుతనం పూత వేశాకే కొలువు. చదును బల్ల మీద బోర్లించి తొమ్మిది చోట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టు, 0.3 మి.మీ. దాటింది పక్కన పెట్టు.

గీతల మిట్టలు పదునుగా ఉంటే పూత అంచు మీద పలచబడి ముందు అక్కడే పోతుంది. మిట్ట తలకు 1.5 మి.మీ. గుండ్రం, మిట్టల మధ్య పల్లంగా ఉండే చాలు అడుగుకు కనీసం 3 మి.మీ. గుండ్రం ఇవ్వు. మిట్ట ఎత్తు 4 మి.మీ., మిట్టకూ మిట్టకూ దూరం 12 మి.మీ. ఉంటే గిన్నెలు తోమే స్పాంజి మూల చాలు అడుగును తాకుతుంది. నీ బొమ్మలో 7 మి.మీ. దూరం ఉంది, చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ మాడిన పెరుగు మసాలా ఆ చాళ్లలో అట్టకడితే గోటితో గీకాల్సి వస్తుంది. చాళ్లన్నీ ముందుకు 3 డిగ్రీల వాలుతో ట్రేలోకి దిగాలి. ట్రే 120 మి.లీ. పడితే చాలు. తెల్ల ప్లాస్టిక్ ట్రే వద్దు, పసుపు మరక దాని నుంచి పోదు. స్టెయిన్‌లెస్ ట్రే పెట్టు.

కడిగేది ఎవరో ఊహించుకో. కొన్నవాళ్లే కడుగుతారన్న నమ్మకం లేదు. పనిమనిషి చేతిలో స్టీలు పీచు, సబ్బు బిళ్ళ ఉంటాయి. ఆమె సూచనల కాగితం చదవలేదు, చదవాల్సిన పనీ ఆమెకు లేదు. స్టీలు పీచుకు ఏ నాన్‌స్టిక్ పూతా ఎల్లకాలం నిలవదు. కాబట్టి పీచు అవసరమే రాకుండా ఆకారం గీయి, ప్లేటుతో పాటే మెత్తటి బ్రష్ ఇవ్వు, ప్లేటును విడి భాగంగా అమ్ము. పూత కన్నా ఎలిమెంట్ ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకే కొక్కేల కొలతలు మోడల్ మారినా మార్చకు. ఐదేళ్ల కింద కొన్న పెట్టెకు కొత్త ప్లేటు పట్టాలి. డిష్‌వాషర్‌లో పెట్టవచ్చని రాయాలంటే ప్లేటు మీద ఎక్కడా వట్టి అల్యూమినియం కనబడకూడదు. ఆ పొడిలోని క్షారం దాన్ని నల్లగా మారుస్తుంది, తుడిస్తే చేతికి మసి అంటుతుంది.

కడగని సగాన్నీ మరిచిపోకు. ప్లేటు తీశాక కనిపించే రేకు ఒకే ముక్కగా, స్క్రూ తలలు లేకుండా, మూలలు గుండ్రంగా ఉండాలి. తడిగుడ్డ ఒక్కసారి తిప్పితే తుడుచుకుపోవాలి.

భద్రతకు ఇలాంటి గ్రిల్లుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-9 ముందు పెట్టుకుని గీయి, డిజైన్ అయ్యాక వెతకడం కుదరదు. ఎర్త్ తీగ రేకుకూ ఎలిమెంట్ గొట్టానికీ విడిగా చేరాలి, నిరోధం 0.1 ఓమ్ దాటకూడదు. ప్లేటు వీపంతా పూత ఉంటే కరెంటు దాని గుండా ఎర్త్‌కు పోదు, అందుకని ప్లేటును ఎర్త్ దారిగా లెక్కలోకి తీసుకోకు. కార్డు 1 చదరపు మి.మీ. తీగతో రబ్బరు తొడుగుది వాడు. పీవీసీ వేడి పెట్టెకు తగిలితే కరుగుతుంది. ఎలిమెంట్ గొట్టంలోని మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీల్చుకుంటుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలమంతా అల్మరాలో పెట్టిన గ్రిల్లు తీసి స్విచ్ వేయగానే ఇంట్లో ట్రిప్పర్ పడిపోతుందంటే కారణం అదే. గొట్టం చివరలను సిలికాన్ రెసిన్‌తో మూయించు. వారం రోజులు తేమ గదిలో ఉంచాక ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూడు, 2 మెగా ఓమ్‌ల కన్నా తగ్గితే తీసుకోవద్దు.

డైకి డబ్బు కట్టేది అన్నిటికన్నా చివర. ముందు ఇసుక పోతతో రెండు ప్లేట్లు పోయించి, గాడి మాత్రం మిల్లింగు చేయించు. హైదరాబాద్ బాలానగర్‌లో ఆ పని చేసే షాపులు ఉన్నాయి, డై డిజైన్ మీద సందేహం ఉంటే అక్కడే టూల్ డిజైన్ కేంద్ర సంస్థ సీఐటీడీ ఉంది. తొమ్మిది చోట్ల వేడి కొలిచే కె రకం థర్మోకపుల్ తీగలు అతికించి 200, 230, 250 వోల్టుల దగ్గర ఖాళీగా నడుపు. తర్వాత మాడుపరీక్ష. గట్టి పెరుగు, శనగపిండి, పసుపు, కారం, బెల్లం, నూనె కలిపిన ముద్ద రెండు చెంచాలు ప్లేటు మీద పూసి, పూర్తి వేడి మీద పావుగంట మాడ్చి, చల్లార్చి, మెత్తటి స్పాంజితో కడుగు. ఇలా యాభైసార్లు. బెల్లం తీసేసి పరీక్షిస్తే లాభం లేదు, పూతను ముందు పట్టుకునేది పంచదార మాడే. ఆఖరున చెంచాడు ఉప్పు కలిపిన పావు లీటరు నీళ్లు ప్లేటు మీద పోసి, ట్రే పొంగనిచ్చి, ప్లగ్గు పీకాక పెట్టె విప్పి ఎక్కడ తడి చేరిందో చూడు.

పై ప్లేటు, కింది ప్లేటు ఉష్ణోగ్రతల పట్టికలు విడివిడిగా పంపు. మిట్టల దూరం 12 మి.మీ.కి మార్చిన డ్రాయింగు కూడా జతచెయ్యి. ఆ రెండూ చూశాక డై సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య