ఏడు వేల ఎనిమిది వందల కటింగ్ మిషన్, పద్దెనిమిది పగిలిన టైల్స్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మేడ మీద కొత్తగా కట్టిన బాత్రూముకు గోడలూ నేలా, కింద వంటగట్టు వెనక గోడా మీరే టైల్స్ వేసుకోవాలనుకుంటున్నారు. మార్బుల్ కట్టర్ చేత్తో పట్టుకోవాలంటే భయం. కింద నీళ్ల తొట్టె, పైన చిన్న బల్ల, మధ్యలో బ్లేడు ఉండే మిషన్ ఏడెనిమిది వేలకు కనిపించింది. అది పనికొస్తుందా, డబ్బు దండగా?

పనికొస్తుంది. నేను ఏడు వేల ఎనిమిది వందలు పెట్టి కొన్న అలాంటి మిషన్‌తోనే మా ఇంట్లో రెండు బాత్రూములు, ఒక వంటిల్లు, మా బావగారి వరండాకు స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) పూర్తిచేశాను. కాకపోతే మొదటి వారం దాన్ని తిట్టని తిట్టు లేదు. తప్పు మిషన్‌ది కాదని తెలిసేలోగా పద్దెనిమిది టైల్స్ పగిలాయి. వాటిలో ఏడు బ్లేడు ఖాతా, ఐదు గైడ్ పట్టీ ఖాతా, నాలుగు నా తొందర ఖాతా, రెండు మూల కోతల ఖాతా. ఆ లెక్కే మీకు చెబుతాను.

ముందు ఒక మాట. తిన్నగా ఒక్క గీతలో తెగే కోతలకు ఈ మిషన్ అక్కర్లేదు. పట్టాల మీద చిన్న చక్రం జరిపి గీత గీసి, పిడి నొక్కితే పుటుక్కున విరిగే మాన్యువల్ కట్టర్ ఉంటుంది చూడండి, దానికి కరెంటు వద్దు, నీళ్లు వద్దు, దుమ్ము రాదు. గోడ టైల్స్ కోతల్లో సగానికి పైగా దానితోనే అయిపోతాయి. బల్ల మిషన్ అవసరమయ్యేది సన్నటి పట్టీలకు, కుళాయి పైపు దగ్గరా స్విచ్ బోర్డు దగ్గరా వచ్చే మూల కోతలకు, 45 డిగ్రీల అంచులకు, గ్రానైట్, తాండూరు బండ, కడప రాయి లాంటి వాటికి. మీకు ఇలాంటి కోతలు మొత్తం పది కూడా లేకపోతే కొనకండి. టైల్స్ మీద గుర్తులు పెట్టి ఉంచి, ఒక పూట కోతల వరకే మేస్త్రిని పిలిపించుకోండి.

మిషన్ గురించి చెప్పేది తక్కువే, ఆ ధరలో దొరికేవన్నీ అన్నదమ్ముల్లాంటివి. 180 మిల్లీమీటర్ల బ్లేడు, ఆరేడు వందల వాట్ల మోటారు, నిమిషానికి దాదాపు 2,900 చుట్లు. మార్బుల్ కట్టర్ 110 మిల్లీమీటర్ల బ్లేడును 12,000 చుట్లు తిప్పుతుంది. అంచు వేగం లెక్కవేస్తే మార్బుల్ కట్టర్‌ది గంటకు 250 కిలోమీటర్ల దగ్గర, బల్ల మిషన్‌ది 100కు కాస్త లోపు. అందుకే ఇది నెమ్మది. ఆ నెమ్మదే మనలాంటివాళ్లకు మేలు: బ్లేడు ఉన్నచోటే ఉంటుంది, కదిలేది టైల్. చెయ్యి వణికినా కోత వంకర పోయే అవకాశం తక్కువ.

దుకాణంలో వాట్లు, గ్యారంటీ కార్డు చూసి మురిసిపోకుండా ఒక్క పరీక్ష చేయండి. ప్లగ్గు తీసి ఉండగా, బ్లేడు అంచుకు పక్కగా ఒక పెన్సిల్ మొన ఆనీ ఆనకుండా పట్టుకుని, బ్లేడును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. మొన ఒకచోట తగిలి ఇంకోచోట తగలకపోతే బ్లేడైనా వంకర, ఇరుసైనా వంకర. వేరే బ్లేడు వేయించి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే ఆ పెట్టెను పక్కన పెట్టించి ఇంకో పెట్టె విప్పమనండి. దుకాణదారుడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. నేను మూడో పెట్టె తెచ్చుకున్నాను.

ఇక బ్లేడు. నా డబ్బు ఎక్కువగా పోయిందీ, నేను ఎక్కువగా నేర్చుకున్నదీ ఇక్కడే. మిషన్‌తోపాటు పెట్టెలో ఒక బ్లేడు ఇస్తారు. నాకు వచ్చిన దానితో గోడ టైల్స్ బాగానే తెగాయి. నేల మీదికి తెచ్చిన విట్రిఫైడ్ టైల్ (నీరు పీల్చని గట్టి రకం) పెట్టగానే కథ మారింది. మొదటి రెండు కోతలు సరే, మూడోదానికి మోటారు మూలగడం మొదలుపెట్టింది, అంచంతా ఎలుక కొరికినట్టు పెచ్చులు లేచింది. నేను ఇంకా బలంగా తోశాను. టైల్ రెండు ముక్కలైంది, నేను కోరిన చోట కాదు.

పక్క వీధిలో గ్రానైట్ పరుస్తున్న ఒక పెద్ద మేస్త్రిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన మిషన్ వైపు చూడనే లేదు. ప్లగ్గు పీకి పక్కన పడేసి, బొటనవేలితో బ్లేడు అంచు తడిమాడు.

“చూడండి సార్, అద్దంలా ఉంది. గరుకే లేదు. ఇది కోయడం లేదు, ఉత్తినే రుద్దుతోంది.”

“కొత్త బ్లేడే కదండీ, మూడు రోజులు కూడా కాలేదు.”

“కొత్తదే. నోరు మూసుకుపోయింది. సిమెంటు ఇటుక ఉందా?”

తొట్టెలో నీళ్లు నింపి, ఇటుకను అర అంగుళం లోతున నాలుగైదుసార్లు కోశాడు. మళ్లీ నా వేలు పట్టుకుని అంచు తడిమించాడు. సన్నటి గరుకు కాగితంలా తగిలింది. ఆ తరువాత అదే టైల్ అదే మిషన్ మీద మెత్తగా తెగింది.

జరిగింది ఏమిటంటే, ఈ బ్లేడుకు రంపంలా పళ్లుండవు. లోహపు పొడిలో వజ్రపు రవ్వలు కలిపి, ఒత్తి, వేడిచేసి అంచుగా పట్టిస్తారు. పైకి తేలిన రవ్వలు టైల్‌ను అరగదీస్తాయి. అవి మొద్దుబారేసరికి చుట్టూ ఉన్న లోహం కూడా అరిగితేనే కింది రవ్వలు బయటపడతాయి. విట్రిఫైడ్ టైల్ గట్టిదే కానీ నున్నటి పొడి ఇస్తుంది, ఆ పొడి లోహాన్ని అరగనివ్వదు. అందుకే అంచు అద్దమవుతుంది. ఇటుకలోని ఇసుక ఆ లోహాన్ని గీకి కొత్త రవ్వలను బయటికి తెస్తుంది. ఇప్పుడు నేను ఎనిమిది పది విట్రిఫైడ్ కోతలకు ఒకసారి ఇటుక కోస్తాను. అయినా పెట్టెలో వచ్చిన బ్లేడును ఇటుకలకూ రాళ్లకూ వదిలేసి, విట్రిఫైడ్ కోసం మరో బ్లేడు విడిగా కొనడమే మంచిది. అంచులో గాడులు లేకుండా చుట్టూ ఒకటే పట్టీగా ఉండేది అడగండి. గాడులున్న సెగ్మెంట్ బ్లేడు కాంక్రీటుకూ మోటు రాళ్లకూ బాగుంటుంది, టైల్ అంచును మాత్రం కొరికేస్తుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్లు మీ మిషన్ చుట్లకంటే ఎక్కువ ఉండాలి, మధ్య రంధ్రం కొలత సరిపోవాలి, బాణం గుర్తు మిషన్ తిరిగే వైపే ఉండాలి. మిషన్ మీద రెండు వేలు మిగిలితే అందులో వెయ్యి ఈ బ్లేడుకు పెట్టండి.

మీ దగ్గరున్నది సెరామికా, విట్రిఫైడా అని అనుమానం ఉంటే వెనక వైపు ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. గోడలకు వాడే సెరామిక్ ఆ చుక్కను చూస్తుండగానే తాగేస్తుంది. విట్రిఫైడ్ మీద చుక్క చుక్కగానే నిలుస్తుంది, అది పీల్చే నీరు బరువులో అర శాతానికి మించదు.

నీళ్ల సంగతి. ఈ ధర మిషన్లలో సాధారణంగా పంపు ఉండదు, బ్లేడు కింది భాగం తొట్టెలో మునిగి నీటిని తానే పైకి లాక్కుంటుంది. ప్రతి కోతకూ కొంత నీరు చిమ్మిపోతుంది కాబట్టి మట్టం తగ్గుతూ ఉంటుంది. మనం చూసుకోం. కోత గీత దగ్గర తెల్లటి పొగలా లేచిందంటే బ్లేడు ఎండిపోయినట్టే, వెంటనే ఆపండి. అది పొగ కాదు, సిలికా దుమ్ము. ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. అపార్టుమెంట్లలో తలుపులు మూసుకుని పొడి కోతలు కోసే కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీళ్లతో కోసినా ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. నేల మీది బురద ఎండకముందే తడిగుడ్డతో ఎత్తేయండి, ఎండాక చీపురు పట్టకండి.

బ్లేడు పైభాగం మనవైపు తిరుగుతుంది కనుక ఆ నీళ్లు మన పొట్ట మీదికే వస్తాయి. కాస్త పక్కకు నిలబడండి. పని బయట, ఆరుబయట పెట్టుకోండి. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని ఈ పని చేయకండి. మొదటి రోజు నేను సరిగ్గా అలాగే నిలబడ్డాను, మా ఆవిడ కేకలేసి లోపలికి పంపింది.

నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉన్న పని ఇది. ఎర్త్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్టేసే స్విచ్) తప్పనిసరి. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వైరు ప్లగ్గుకంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, వైరు వెంట జారిన నీరు కిందే బొట్టు బొట్టుగా పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు.

ఐదు టైల్స్ మింగిన గైడ్ పట్టీ గురించి. టైల్‌ను ఆనించి తోసే ఆ పట్టీ చవక మిషన్లలో రేకులా పలచగా ఉంటుంది. మర బిగించేటప్పుడే ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. పట్టీ మీద చెక్కిన కొలతలు నమ్మకండి. బ్లేడు ముందు అంచు నుంచి ఒకసారి, వెనక అంచు నుంచి ఒకసారి టేపుతో కొలవండి, రెండూ ఒకటే రావాలి. వెనక ఇరుకైతే టైల్ బ్లేడుకూ పట్టీకీ మధ్య నొక్కుకుని పగులుతుంది. నేను చివరికి అంగుళం అల్యూమినియం చదరపు గొట్టం ఒకటి కోయించి, రెండు క్లాంపులతో బల్లకు బిగించుకున్నాను. ఆ తరువాత పట్టీ వల్ల ఒక్క టైల్ కూడా పోలేదు.

గుర్తు పెన్సిల్‌తో పెడితే నీళ్లకు చెరిగిపోతుంది, మార్కర్‌తో పెడితే కొన్ని టైల్స్‌కు మరక పట్టుకుంటుంది. కోత పడేచోట మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీయండి. పెచ్చులు కూడా తగ్గుతాయి. బ్లేడు తన మందం మేర, దాదాపు రెండు మిల్లీమీటర్లు తినేస్తుంది. ఆ రెండూ పారేసే ముక్కలోంచి పోవాలి గానీ మనకు కావాల్సిన ముక్కలోంచి కాదు.

కోసేటప్పుడు మెరుపు వైపు పైకి ఉండాలి. రెండు చేతులతో టైల్‌ను బల్లకు అదిమి, బ్లేడు తిన్నంతే తోయాలి. మేస్త్రి మాటల్లో, “అన్నం పెట్టినట్టు పెట్టండి, కుక్కకండి.” మోటారు శబ్దం దిగిందంటే మీరు కుక్కుతున్నారని అర్థం. నా తొందరకు బలైన నాలుగూ చివరి అంగుళంలో పోయినవే. అక్కడికి వచ్చేసరికి మిగిలిన సన్న భాగం బరువు ఆపలేక, మూల త్రికోణంగా విరిగిపోతుంది. దీనికి మందు తేలిక: ముందు అవతలి అంచు నుంచి ఒక అంగుళం కోసి ఆపండి. మిషన్ ఆపి టైల్‌ను తిప్పి, ఇవతలి అంచు నుంచి మొదలుపెట్టి ఆ కోతను కలపండి.

స్విచ్ బోర్డు దగ్గర ఎల్ ఆకారపు కోతలో రెండు గీతలు కలిసే మూల బలహీనంగా ఉంటుంది, పగులు అక్కడినుంచే మొదలవుతుంది. ముందుగా ఆ మూలలో డైమండ్ కోర్ బిట్‌తో (డ్రిల్లుకు తగిలించే, వజ్రపు అంచున్న గొట్టం లాంటి బిట్) చిన్న రంధ్రం వేసి, గీతలు ఆ రంధ్రం దాకానే కోయండి. గుండ్రటి మూల పగుళ్లను ఆపుతుంది. కోసిన అంచు చాకులా ఉంటుంది, కార్బోరండం రాయితో (గరుకు సానరాయి) రెండు రుద్దులు రుద్దాకే చేతికి తీసుకోండి.

పని ముగిశాక తొట్టె అడుగున పేరుకునే తెల్లటి బురదను బాత్రూము గొట్టంలో పోయకండి. ట్రాప్‌లో, అంటే నీళ్లు నిలిచే గొట్టపు వంపులో, పేరుకుని గట్టిగా పట్టేస్తుంది. రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లు పారబోసి, బురదను సంచిలో కట్టి చెత్తలో వేయండి. తొట్టెలో నీళ్లు వదిలేసి నెల రోజులు మరిచిపోతే బ్లేడు గింజ తుప్పుపట్టి కదలదు. ఇది కూడా స్వానుభవమే. విప్పేటప్పుడు మర ఏ వైపుదో పుస్తకంలో చూడండి, కొన్నింటికి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకు ఎదురు వైపు తిప్పితేనే వదులవుతుంది.

ఒక్క విషయం మీరు రాయలేదు: టైల్ సైజు. ఒకటికి రెండు అడుగులవైతే నిశ్చింతగా కొనుక్కోండి. రెండు రెండడుగులవైతే బల్ల పక్కన అదే ఎత్తులో ఒక స్టూలు పెట్టి నెట్టుకురావచ్చు. రెండుకు నాలుగడుగులవైతే ఈ బల్ల మీద అవి నిలవవు, పొడవైన మాన్యువల్ కట్టర్ అద్దెకు తెచ్చుకోవాల్సిందే. టైల్స్ పెట్టె మీద ఏముందో చూసి చెప్పండి.